తోరోంగ్ లా: రెండు లోయల మధ్య ఒక రోజు

సభకు నమస్కారం.

ఇవాళ ఒక్క రోజు గురించే మాట్లాడదామని వచ్చాను. నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే నడకదారి ఒకటుంది. ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు తోరోంగ్ లా అనే కనుమ. 5,416 మీటర్లు. దానికి తూర్పున మనాంగ్ జిల్లా, పడమర ముస్తాంగ్ జిల్లా. చీకటి ఉండగానే మనాంగ్ వైపు నుంచి బయల్దేరి, కనుమ దాటి, మధ్యాహ్నం దాటాక ముక్తినాథ్ పుణ్యక్షేత్రం చేరతాం. ఆ రోజు గురించి.

ఫొటోలు తెర మీద వేద్దామని నిర్వాహకులు అడిగారు. వద్దన్నాను. ఆ ఫొటోల్లో మంచు శిఖరాలే ఉంటాయి. వాటిని చూస్తూ కూర్చుంటే నేను చెప్పదలుచుకున్నది పక్కకు పోతుంది. ఆ కనుమకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళ గురించి చెప్పాలని నా ఆశ. మనల్ని ఆ కనుమ దాటించేది ఆ ఊళ్ళేనని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడికి వెళ్ళొచ్చిన చాలామంది రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎక్కడో ఒక వాక్యంలో తేలిపోతుంది. అది నాకు బాధగా ఉంటుంది.

శిఖరం ఎక్కినవాళ్ళు మళ్ళీ కిందికి, తాము బయల్దేరిన చోటికే రావాలి. కనుమ అలా కాదు. ఒక లోయలోంచి ఎక్కి ఇంకో లోయలోకి దిగుతాం. అంటే అది మొదటి నుంచీ దారే. ట్రెక్కింగ్ అనే మాట ఆ కొండల్లో వినపడక ముందే ఆ దారిన పశువుల మందలు నడిచాయి, సరుకులు నడిచాయి, ముక్తినాథ్‌కు మొక్కులున్నవాళ్ళు నడిచారు. విదేశీయులు ఈ చుట్టుదారి నడవడానికి నేపాల్ ప్రభుత్వం అనుమతించింది 1977లో. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పని మొదలైంది 1986లో. ఇవాళ అది 7,629 చదరపు కిలోమీటర్లు, నేపాల్‌లోని రక్షిత ప్రాంతాలన్నిటిలోకీ పెద్దది. మిగతా చాలాచోట్ల అడవిని కాపాడటమంటే ఊళ్ళను ఖాళీ చేయించడం అనుకున్న కాలంలో, ఇక్కడ ఊళ్ళను అక్కడే ఉంచి, వాళ్ళ చేతనే కాపాడించాలని చూశారు. మనం కట్టే ప్రవేశ రుసుము ఆ పనికే. దారి పొడవునా లాడ్జీలు నడిపేది కూడా ఎక్కువగా ఆ ఊళ్ళ కుటుంబాలే.

ఇప్పుడు మనాంగ్ ఊరి దగ్గర కాస్త ఆగుతాను. కనుమ దాటే రోజు నిజానికి అక్కడే మొదలవుతుంది, రెండు మూడు రోజుల ముందు.

మనాంగ్ సుమారు 3,540 మీటర్ల ఎత్తున ఉంది. ఎదురుగా గంగాపూర్ణ శిఖరం, దాని హిమానీనదం, దాని కింద మంచు కరిగిన నీళ్ళ చెరువు. అన్నపూర్ణ శ్రేణి వానమబ్బుల్ని అడ్డుకుంటుంది కాబట్టి ఈ వైపు పొడినేల. ఇళ్ళు రాతితో కడతారు, పైకప్పులు చదునుగా ఉంటాయి. ఒక ఇంటి కప్పు పై ఇంటికి వాకిలి. పెద్ద దుంగను గంట్లు పెట్టి నిచ్చెనగా వాడతారు. కప్పుల మీద కట్టెలు, ఎండబెట్టిన గడ్డి, ధాన్యం. పొలాల్లో బార్లీ, బక్‌వీట్, బంగాళాదుంపలు. ఈ నేల మీద వచ్చే పంట ఏడాదంతా చాలదు. అందుకే మనాంగ్ వాళ్ళు తరతరాలుగా వ్యాపారులు. నేపాల్ రాజులు వాళ్ళకు ప్రత్యేకమైన వ్యాపార హక్కులు ఇచ్చారు. ఈ చిన్న లోయవాళ్ళు బర్మా, సింగపూర్, హాంకాంగ్ దాకా వెళ్ళి వ్యాపారం చేశారు. లాడ్జిలో మనకు టీ పోసే పెద్దాయన యవ్వనమంతా బ్యాంకాక్‌లో గడిచి ఉండొచ్చు. మారుమూల కొండ ఊరివాళ్ళు లోకం చూడలేదని మన ఊహ. ఆ ఊహను మనాంగ్‌లో ఒక్క సాయంత్రం కూర్చుంటే వదిలించుకోవచ్చు.

ఆ ఊళ్ళో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ చిన్న వైద్య కేంద్రం ఉంది. 1973లో పుట్టిన సంస్థ అది. నడక సీజన్‌లో డాక్టర్లు అక్కడ ఉంటారు. మధ్యాహ్నం పూట వచ్చిన వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి వివరిస్తారు. మీలో ఎవరైనా వెళితే ఆ ప్రసంగం మాత్రం మానకండి. నా మాటలకన్నా వాళ్ళ మాటలు ముఖ్యం.

వాళ్ళు చెప్పేదాంట్లో సారం ఇది. గాలిలో ఆక్సిజన్ వాటా ఎంత ఎత్తుకు వెళ్ళినా దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. తోరోంగ్ లా మీద ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్ళే ఆక్సిజన్ కూడా అంతే. శరీరం దీనికి అలవాటు పడగలదు. కాకపోతే దానికి సమయం కావాలి. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి పైకి వెళ్ళకుండా ఒకరోజు ఆగాలి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అవి ఉంటే ఇంకా పైకి వెళ్ళకూడదు. నడక తడబడినా, మాట తికమకగా వచ్చినా మెదడులో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో చేరుతోందేమోనని భయపడాలి. అప్పుడు తెల్లవారే దాకా ఆగడం కాదు, వెంటనే కిందికి దిగాలి. మందు ఉంది, ఆక్సిజన్ సిలిండర్ ఉంది, కానీ అసలు వైద్యం దిగడమే.

ఇక్కడ ఒక కొత్త చిక్కు వచ్చింది. ఇదివరకు బేసీసహర్ నుంచి మర్స్యాంగ్డీ నది వెంట రోజుల తరబడి నడిచి మనాంగ్ చేరేవాళ్ళు. వరిపొలాల్లోంచి, జలపాతాల పక్కనుంచి, పైన్ అడవుల్లోంచి మెల్లమెల్లగా ఎత్తు పెరిగేది. ఆ నడకే శరీరాన్ని సిద్ధం చేసేది. ఇప్పుడు మనాంగ్ దాకా జీపు దారి పడింది. 1,000 మీటర్ల లోపున్న బేసీసహర్‌లో పొద్దున జీపు ఎక్కినవాళ్ళు రాత్రికి 3,540 మీటర్ల మనాంగ్‌లో దిగిపోవచ్చు. ఆ రోడ్డు ఊరివాళ్ళకు ఎంతో మేలు చేసింది. రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా, ఇంటికి సరుకు తెచ్చుకోవాలన్నా వాళ్ళ కష్టం తీర్చింది. రోడ్డు పడి ట్రెక్కింగ్ అందం పాడైందని కొందరు నడకవాళ్ళు విసుక్కుంటే నాకు నచ్చదు. అక్కడ బతికేది వాళ్ళు. కానీ జీపులో వచ్చినవాళ్ళు మర్నాడే పైకి బయల్దేరడం ప్రమాదం. రోడ్డు రోజుల్ని మిగిల్చింది నిజమే, ఆ మిగిలిన రోజుల్లో కొన్నిటిని మనాంగ్‌కు ఇవ్వాలి. అక్కడ ఆగండి. పక్కనున్న బ్రాగా ఊరి బౌద్ధమఠం చూడండి. పగలు కాస్త పైకెక్కి, రాత్రికి కిందికొచ్చి పడుకోండి.

మనాంగ్ నుంచి యాక్ ఖర్కా, లేదర్, ఆ పైన తోరోంగ్ ఫేదీ. చెట్లు ఆగిపోతాయి. ముళ్ళపొదలు, రాళ్ళు, ఎండిన గడ్డి. అక్కడక్కడా మేస్తున్న జడలబర్రెలు. రాతి వాలుల మీద భరల్ మందలు కనిపిస్తాయి, నీలిగొర్రెలంటారు వాటిని. మంచుచిరుత వాటినే వేటాడుతుంది. ఫేదీ సుమారు 4,500 మీటర్లు. అక్కడ పడుకోవచ్చు, లేదా ఇంకో గంటన్నర నిలువు ఎక్కుడు ఎక్కి 4,900 మీటర్ల దగ్గరున్న హై క్యాంపులో పడుకోవచ్చు. పైన పడుకుంటే మర్నాడు ఎక్కాల్సింది తగ్గుతుంది. కింద పడుకుంటే నిద్ర పడుతుంది. తలలో ఏ మాత్రం బరువున్నా కిందే ఉండటం మంచిది. ఈ విషయంలో లాడ్జివాళ్ళ మాట వినండి. వాళ్ళు మన ముఖం చూసి చెప్పేస్తారు.

మేం ఫేదీలో ఆగాం. భోజనాల గదిలో ఒక్కటే పొయ్యి, చుట్టూ బల్లలు. ఏ దేశం నుంచి వచ్చినవాళ్ళయినా ఆ పొయ్యి చుట్టూ చేరాల్సిందే. లాడ్జి నడిపే ఆవిడను అందరూ దీదీ అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. వెల్లుల్లి సూపు ఎత్తుకు మంచిదని ఆవిడ నమ్మకం. మందుగా అది ఎంత పనిచేస్తుందో గానీ, వేడిగా, పలచగా, ఉప్పగా ఉన్న ద్రవం అలాంటి చోట లోపలికి వెళ్ళడం ఏ రకంగా చూసినా మేలే. నీళ్ళు అక్కడ 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నం, పప్పు మామూలు గిన్నెలో ఎంతసేపైనా ఉడకవు. ప్రెషర్ కుక్కర్ కావాలి, దానికి గ్యాసు కావాలి. ఆ గ్యాసు సిలిండరు ఎవరో వీపు మీదో, కంచర గాడిద మీదో పైకి రావాలి. అందుకే పైకి వెళ్ళేకొద్దీ దాల్‌భాత్ ధర పెరుగుతుంది. దాని మీద బేరమాడేవాళ్ళను చూశాను. దయచేసి ఆడకండి. ఎక్కడ పడుకుంటే అక్కడే తినడం ఆ దారిలో మర్యాద. గది అద్దె నామమాత్రం, కుటుంబం బతికేది మనం తినే తిండి మీదే.

మా గైడు మర్స్యాంగ్డీ లోయ దిగువ ఊరి గురుంగ్ తెగ కుర్రాడు. సామాను మోసే భరియాలు ఇద్దరు. అందరికంటే ముందు వాళ్ళ బూట్లు, చేతితొడుగులు, కళ్ళద్దాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆ రాత్రే చూసుకున్నాం. దీన్ని దయ అనుకోవద్దు. మనం మంచులో వేసుకునేవన్నీ వాళ్ళకూ ఉండాలి, వాళ్ళకు భోజనం, పడక, బీమా ఉండాలి. అది పనిలో పెట్టుకున్నవాళ్ళ బాధ్యత. కొండవాళ్ళకు చలి వేయదు, ఎత్తు ఏమీ చేయదు అనేది పచ్చి అబద్ధం. భరియాల్లో చాలామంది కింది లోయల రైతుబిడ్డలు. ఎత్తు మనలాగే వాళ్ళనూ పట్టుకుంటుంది. పైగా జబ్బుగా ఉందని చెబితే కూలి పోతుందేమోనని దాచుకుంటారు. మనమే అడగాలి.

తెల్లవారుజామున నాలుగు గంటలకు బయల్దేరాం. అంత పొద్దున్నే ఎందుకని చాలామంది అడుగుతారు. గాలి వల్ల. ఎండ ఎక్కేకొద్దీ కనుమ మీద గాలి రేగుతుంది. పది, పదకొండు దాటితే నిలబడటమే కష్టం. మబ్బులు కూడా మధ్యాహ్నం కమ్ముకుంటాయి. ఎండకు మంచు మెత్తబడకముందే దాటడం ఇంకో కారణం. నీళ్ళసీసా తలకిందులుగా పెట్టుకోవాలి. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర గడ్డకట్టకుండా ఉంటుంది. మిగతా సామాను సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తాను.

చీకట్లో ఎక్కుతుంటే కనిపించేది మన తలమీది దీపం పడ్డంత మేర. ఒక గజం నేల, ముందున్నవాళ్ళ మడమలు. పైకి చూస్తే కొండ మీద దీపాల వరస వంకరలు తిరుగుతూ ఉంటుంది. మొదటి గంటలో కాళ్ళ సత్తువ తెలుస్తుంది. రెండో గంట నుంచి కాళ్ళ లెక్క పోతుంది, ఊపిరి లెక్క మొదలవుతుంది. ఒక అడుగుకు ఒక ఊపిరి. నిలువు చోట్ల ఒక అడుగుకు రెండు. నెమ్మది అంటే ఎంత నెమ్మదో మాటల్లో చెప్పడం కష్టం. ఇక్కడ ఈ హాల్లో నేను అలా నడిచి చూపిస్తే ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళడానికి పది నిమిషాలు పడుతుంది. గైడు వెనక్కి తిరిగి ఒకే మాట అంటాడు, "బిస్తారై, బిస్తారై". మెల్లగా, మెల్లగా. వాళ్ళు వేగంగా వెళ్ళగలరు. మన కోసం ఆ నడకను తగ్గించుకుని, మాటిమాటికీ ఆగి, గంటల తరబడి చలిలో మనతో ఉంటారు.

హై క్యాంపు దాటాక దారి కాస్త వాలుగా మారుతుంది. ఇక్కడే మనసుకు పరీక్ష. ఎదురుగా ఒక గుట్ట, అదే కనుమ అనిపిస్తుంది. ఎక్కితే దాని వెనక ఇంకోటి. దాని వెనక మరోటి. పాత హిమానీనదాలు వదిలేసిపోయిన రాళ్ళ గుట్టలవి. వాటికి లెక్కలేదు. మధ్యలో ఒక చిన్న టీ గుడిసె వస్తుంది. వేడి టీ గొంతులో పడ్డాక గానీ వేళ్ళు మన సొంతం కావు. తూర్పున వెలుగు వస్తుంది, అన్నపూర్ణ వైపు శిఖరాలు ముందు గులాబీ రంగుకు, తర్వాత పసుపుకు తిరుగుతాయి. అందరూ ఆగి చూస్తారు. భరియాలు కూడా ఆగి చూస్తారు, అది నాకు ఎంతో నచ్చింది. ఎన్నిసార్లు దాటినవాళ్ళో వాళ్ళు.

ఎనిమిదిన్నర ప్రాంతంలో కనుమ. దక్షిణాన ఖాటుంగ్ కాంగ్, ఉత్తరాన యాక్వా కాంగ్, రెండూ 6,400 మీటర్లు దాటినవి. మధ్యలో గుర్రపు జీనులాంటి వెడల్పయిన పల్లం. ఒక రాళ్ళకుప్ప, దాని చుట్టూ వేలకొద్దీ ప్రార్థన పతాకాలు, ఎత్తు రాసిన బోర్డు, పక్కన ఒక గుడిసె. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఈ వరసలో పతాకాలు కడతారు. ఆకాశం, గాలి, నిప్పు, నీరు, భూమి. మన పంచభూతాలే. కొత్త పతాకాల కింద పాతవి రంగు వెలిసి, దారాలు దారాలుగా విడిపోయి ఉంటాయి. వాటిని ఎవరూ తీసేయరు. మా గైడు కూడా ఒకటి కట్టాడు.

ఇంకో సంగతి. ఈ కనుమ రెండు నదుల మధ్య గట్టు. తూర్పున పడ్డ చుక్క మర్స్యాంగ్డీలోకి, పడమర పడ్డది కాళీగండకీలోకి. మర్స్యాంగ్డీ త్రిశూలిలో కలుస్తుంది, త్రిశూలి వెళ్ళి దేవ్‌ఘాట్ దగ్గర కాళీగండకీలో కలుస్తుంది. కనుమ మీద విడిపోయిన నీళ్ళు అంత దూరం తిరిగి అక్కడ ఒకటవుతాయి, ఆ తర్వాత గంగలోకి.

ఇప్పుడు 2014 సంగతి చెప్పాలి. మన తెలుగువాళ్ళు ఇది తెలుసుకోవాలని నాకు పట్టుదల. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మనకు గుర్తున్నది అక్కడితో ఆగిపోతుంది. పడిపోయిన చెట్లు, కరెంటు లేని రాత్రులు, విరిగిన విమానాశ్రయం కప్పు. కానీ తుఫాను అక్కడితో ఆగలేదు. బలహీనపడి, తేమను మోసుకుంటూ ఉత్తరానికి సాగి, రెండు రోజులకు హిమాలయాన్ని తాకింది. అక్టోబరు 14న తోరోంగ్ లా మీద ఎడతెగని మంచు. అక్టోబరు అంటే ఆ దారిలో ఆకాశం నిర్మలంగా ఉండే నెల, నడకవాళ్ళు ఎక్కువగా ఉండే నెల. ఆ తెల్లవారుజామున బయల్దేరినవాళ్ళు వందల మంది. దారి కనపడలేదు, గుర్తుకర్రలు మునిగిపోయాయి, తెల్లటి మంచులో పైనా కిందా తెలియలేదు. ఆ తుఫాను వల్ల నేపాల్‌లో 40 మందికి పైగా చనిపోయారు. విదేశీయులతో పాటు గైడులు, భరియాలు, ఆ కొండలవాళ్ళు కూడా అందులో ఉన్నారు. చాలామంది ముక్తినాథ్ వైపు దిగే దారిలో చిక్కుకున్నారు. వందల మందిని సైన్యం హెలికాప్టర్లు, ఊళ్ళవాళ్ళు కలిసి బయటికి తెచ్చారు.

తుఫాను వస్తోందని మన తీరంలో ముందే తెలుసు. వాతావరణ శాఖ చెప్పింది, లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అదే తుఫాను తోక కొండకు చేరేసరికి, ఆ మాట లాడ్జి వంటగదుల దాకా చేరలేదు. రెండు రోజుల వ్యవధి ఉంది. చేర్చే ఏర్పాటు లేదు. నేను ఈ విషయం గురించి ఎక్కువగా ఆలోచిస్తాను. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే అది కొండ మీది మంచుకు సంబంధించిన వార్త కూడా. ఇప్పుడు ఫోను సిగ్నల్ చాలా ఊళ్ళకు వచ్చింది, వాతావరణ సూచన చూసుకోవడం తేలికైంది. బయల్దేరే ముందు రోజు చూడండి, లాడ్జివాళ్ళను అడగండి. వాళ్ళు ఆగమంటే ఆగండి. మనకు తిరుగు విమానం టికెట్ ఉందని కనుమకు తెలియదు. సెలవుల లెక్క వేసుకునేటప్పుడే రెండు రోజులు అదనంగా ఉంచుకోండి. ఆ రోజులు ఖర్చు కాకపోతే ముస్తాంగ్ ఊళ్ళలో గడపవచ్చు, వాటికంటే మంచి ఖర్చు లేదు.

ఇక దిగడం. పైకి ఎక్కింది సుమారు 900 మీటర్లయితే, దిగాల్సింది 1,600 మీటర్లకు పైగా. దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో. రాళ్ళపొడి మీద కాలు నిలవదు. తెల్లవారుజాము నుంచి అలిసిపోయిన తొడలు, మోకాళ్ళు ఇక్కడ ఏడిపిస్తాయి. కనుమ చేరగానే పని అయిపోయిందనుకున్నవాళ్ళే దారిలో జారి పడతారు. చేతికర్రలు ఎక్కేటప్పటికన్నా ఇక్కడ ఎక్కువ అవసరం. దీన్ని తిరగేసి, ముక్తినాథ్ నుంచి కనుమ ఎక్కడం ఎంత కష్టమో దిగుతుంటేనే తెలుస్తుంది. అంత ఎత్తూ ఒక్క రోజులో ఎక్కాలి, మధ్యలో ఉండటానికి చోట్లు తక్కువ. అందుకే నడకవాళ్ళలో ఎక్కువమంది మనాంగ్ వైపు నుంచే వస్తారు.

కానీ దిగుతుంటే లోకం మారిపోతుంది. వెనక మనాంగ్‌లో మంచు, హిమానీనదాలు, నీడలు. ముందు ముస్తాంగ్ అంతా గోధుమరంగు, కావిరంగు, బూడిదరంగు కొండలు, ఎండ. దూరంగా 8,167 మీటర్ల ధవళగిరి. లోయ అడుగున ఆకుపచ్చటి అతుకులు కనిపిస్తాయి. ఆ అతుకులే ఊళ్ళు. నీళ్ళు ఎక్కడికి తీసుకెళ్ళగలిగారో అక్కడిదాకానే పచ్చదనం, ఒక గీత దాటితే రాయి. కొండ మీంచి కాలువ తవ్వి, వంతుల ప్రకారం నీళ్ళు పంచుకుని, పోప్లార్ చెట్లు నాటి, ఆ పచ్చటి ముక్కను తరాల పాటు నిలబెట్టుకున్నారు. ఆ దృశ్యం ముందు నాకు శిఖరాలు కూడా చిన్నవిగా అనిపించాయి, నిజం చెబుతున్నాను.

4,200 మీటర్ల దగ్గర చారబూ అనే చోట మొదటి టీ దుకాణాలు వస్తాయి. బంగాళాదుంపలు వేయించి పెట్టారు. అందరూ బూట్లు విప్పి ఎండలో కూర్చున్నారు. మా భరియాల్లో పెద్దవాడు తన ఊళ్ళో ఇంటికి ఫోను చేశాడు, దాటేశామని చెప్పడానికి. ఇంట్లోవాళ్ళు పొద్దున్నుంచి ఆ ఫోను కోసమే చూస్తున్నారట.

అక్కడి నుంచి ఇంకో రెండు గంటలు నడిస్తే ముక్తినాథ్. ఈ పేరు చెప్పగానే ఈ సభలో కొందరు చేతులు జోడించడం చూస్తున్నాను. 3,700 మీటర్లు దాటిన ఎత్తులో చెట్ల తోపు మధ్య చిన్న గుడి. వైష్ణవులు 108 దివ్యదేశాల్లో లెక్కించే సాలగ్రామ క్షేత్రం ఇదేనని భక్తుల నమ్మకం. గుడి వెనక అర్ధచంద్రాకారపు గోడలో 108 ధారలు, పశువు ముఖం ఆకారంలో. యాత్రికులు ఒక్కొక్కటి కిందా తల పెట్టి పరుగెత్తుతారు. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లన. బౌద్ధులకూ ఇది పుణ్యస్థలమే, బౌద్ధ గురువు పద్మసంభవుడు ఇక్కడ ధ్యానం చేశాడని వాళ్ళ నమ్మకం. గుడి బాగోగులు చూసేవాళ్ళలో బౌద్ధ సన్యాసినులు ఉన్నారు. దగ్గర్లోనే జ్వాలామాయి గుడి. రాతి సందులోంచి సహజవాయువు వచ్చి చిన్న నీలి మంటగా వెలుగుతుంది, పక్కనే నీళ్ళు పారుతున్న చప్పుడు. విష్ణుభక్తుడు, బౌద్ధ సన్యాసిని ఒకే గుమ్మంలో వంగి లోపలికి వెళ్తారు. ఎవరి మంత్రం వాళ్ళది. ఏ గొడవా లేదు.

సాలగ్రామం గురించి ఒక మాట. కింద కాళీగండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్ళ లోపల చుట్టలు చుట్టుకున్న చక్రం ఉంటుంది కదా, అది అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజం. సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేది. భారత భూభాగం ఉత్తరానికి జరిగి, సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను ఢీకొంది. ఆ ఒత్తిడికి సముద్రపు అడుగు పైకి లేచి హిమాలయంలో భాగమైంది. ఈ సంగతి తెలిశాక నా భక్తి తగ్గలేదు. అరచేతిలో పెట్టుకున్న రాయి అంత పాతదని, అది సముద్రం నుంచి వచ్చిందని తెలిస్తే చెయ్యి ఇంకాస్త జాగ్రత్తగా పట్టుకుంటుంది.

ముక్తినాథ్ కిందున్న ఊరు రాణీపౌవా, హోటళ్ళతో కిక్కిరిసి ఉంటుంది. నేను మీకు చెప్పేది, ఓపిక ఉంటే ఇంకో గంట నడిచి ఝార్‌కోట్‌కు వెళ్ళమని. 3,550 మీటర్లు. పాత కోట శిథిలం, ఎర్రరంగు మఠం, మట్టి ఇళ్ళ మధ్య సొరంగాల్లాంటి సందులు. మఠం ఆవరణలో టిబెటన్ వైద్యం నేర్పుతారు. సాయంత్రం మేకల మంద ఊళ్ళోకి వచ్చే వేళకు అక్కడున్నాం. ఒక ముసలామె మా బూట్ల మీది దుమ్ము చూసి, ఎక్కడి నుంచని అడిగింది. ఫేదీ నుంచని గైడు చెప్పాడు. తాను చిన్నప్పుడు ఆ కనుమ దాటి మనాంగ్ వెళ్ళానని, తన తండ్రి వెంట మేకల్ని తోలుకెళ్ళానని చెప్పింది. ఆవిడకు హెడ్‌ల్యాంపు లేదు, లాడ్జి లేదు. మేకలు మేసుకుంటూ నడిచాయి కాబట్టి రోజులు పట్టిందట. మేమంతా ఆవిడ చెప్పేది వింటూ చాలాసేపు ఆ అరుగు మీదే కూర్చున్నాం.

ఇందాక సభ మొదలవక ముందు ఒక అమ్మ నన్ను అడిగారు. "మేం పెద్దవాళ్ళం, నడవలేం, ముక్తినాథుడి దర్శనానికి ఎలా వెళ్ళాలి?" అని. దానికి సమాధానం చెప్పి ముగిస్తాను, ఈ ప్రశ్న ఇంకా చాలామందికి ఉంటుంది.

మీరు కనుమ దాటక్కర్లేదు. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు చిన్న విమానాలున్నాయి. కాళీగండకీ లోయలో మధ్యాహ్నం గాలి విపరీతంగా వీస్తుంది కాబట్టి పొద్దున మాత్రమే ఎగురుతాయి, మబ్బు పడితే రద్దవుతాయి. రోడ్డు మీద జీపులు, బస్సులు కూడా ఉన్నాయి. ఇక జాగ్రత్త. పోఖరా 800 మీటర్ల చిల్లర, జోమ్‌సోమ్ 2,700, ముక్తినాథ్ 3,700 పైన. ఒకే పొద్దున మూడు వేల మీటర్లు పెరిగిపోతారు. నడిచి వచ్చినవాళ్ళకు శరీరం సిద్ధంగా ఉంటుంది, మీకు ఉండదు. కాబట్టి ఆ రోజే పైకి వెళ్ళకండి. జోమ్‌సోమ్‌లోనో, 2,800 మీటర్లున్న కాగ్‌బేనీలోనో ఒక రాత్రి ఉండండి. కాగ్‌బేనీ రెండు నదుల సంగమం, పితృకార్యాలు చేసుకునే చోటు. మీకు అక్కడ ఎలాగూ పని ఉంటుంది. మర్నాడు పొద్దున జీపులో పైకి వెళ్ళి, దర్శనం చేసుకుని, ఆ సాయంత్రానికే కిందికి వచ్చి పడుకోండి. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇంటి దగ్గరే డాక్టరును అడిగి బయల్దేరండి. గుడి మెట్లు ఎక్కలేకపోతే కింద గుర్రాలుంటాయి, మోటారుసైకిళ్ళవాళ్ళుంటారు. 108 ధారల కింద తడవాలనే పట్టుదల వద్దు, నీళ్ళు తల మీద చల్లుకున్నా చాలు. తడిస్తే వెంటనే పొడిబట్టలు, ఉన్ని టోపీ. తలనొప్పి వచ్చి, వాంతి అయితే, దర్శనం అయినా కాకపోయినా జీపు ఎక్కి కాగ్‌బేనీకి దిగండి. దిగితే చాలామందికి కొద్ది గంటల్లో తేలికపడుతుంది, మళ్ళీ ప్రయత్నించవచ్చు.

మిగతా ప్రశ్నలుంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.